బాగున్నవారు, ఏడో నంబరు

నలభై ఒకటో దిండు గలీబును బల్ల మీద పరిచి, ఇస్త్రీ పెద్దాయన చూపుడువేలు నీళ్ళగిన్నెలో ముంచి పెట్టె అడుగున తాకించాడు. చుయ్యిమంది. ఆ చప్పుడును బట్టి వేడి ఎంతుందో ఆయన చెప్పేయగలడు. పెట్టెకు అంకెలున్న చక్రమొకటి ఉంది గానీ, ముప్ఫై రెండేళ్ళ ఉద్యోగంలో దాన్ని ఒక్కరోజైనా నమ్మిన పాపాన పోలేదు.

ఆస్పత్రి భవనానికి అట్టడుగున, కిటికీ అన్నదే లేని గది అది. దుప్పట్ల సంగతి పక్క గదిలోని రోలరు మిషను చూసుకుంటుంది. దానికి గుండీ కనబడితే చాలు, నమిలేస్తుంది కాబట్టి, డాక్టర్ల తెల్లకోట్లూ గుండీల గలీబులూ ఈయన బల్ల మీదికి వస్తాయి. పొద్దున ఎనిమిదింటికి నలిగి వచ్చినవి సాయంత్రం నాలుగింటికి నునుపుగా పైకి వెళ్తాయి. మర్నాడు మళ్ళీ నలిగి వస్తాయి. ఇలాంటి పనికి సన్మానాలుండవు. ఉండాలని ఆయనా ఎప్పుడూ అనుకోలేదు.

అయితే ఆ రోజు పెద్దాయన గడ్డం గీసుకుని వచ్చాడు. అంతకన్నా విడ్డూరం, ఒంటి మీది చొక్కాకు ఇస్త్రీ ఉంది. లోకుల బట్టలన్నీ ఇస్త్రీ చేసే మనిషి తన చొక్కా మాత్రం దండెం మీంచి లాగి అలాగే తొడుక్కుంటాడు. నెలకొక్క రోజు తప్ప.

"ఏంటన్నయ్యా, పెళ్ళిచూపులా?" అంది మడతలావిడ.

ఆవిడది దుప్పట్లు మడతపెట్టే పని. అంచును గడ్డం కింద అదిమిపట్టి, చేతులు బారచాచి, రెండు ఊపుల్లో నాలుగు మడతలు వేసేస్తుంది. అంచు గడ్డం కింద ఉన్నంతసేపే ఆవిడ నోరు మూసుకుని ఉంటుంది. ఆ లోటంతా మిగతా సమయంలో తీర్చుకుంటుంది.

"నాలుగో అంతస్తుకి వెళ్ళాలి. నెల తిరిగిందిగా."

"తిరిగిందిలే. మరి పోయిన మంగళవారం సంగతి ఆ అమ్మాయితో చెప్తావా, చెప్పవా?"

పెద్దాయన గలీబు మూలలు సర్దుకున్నాడు. వినపడనివాడికి అరిచి చెప్పొచ్చు, వినదల్చుకోనివాడికి ఎవరు చెప్పగలరు? ఆవిడ మూతి తిప్పుకుని ఇంకో దుప్పటి అందుకుంది.

నాలుగో అంతస్తు చివరి గదిలో ఒక యంత్రం ఉంది. దానికో లావుపాటి తీగ, తీగ చివర రెండు చక్రాలు కలిపి అతికించినట్టున్న బిళ్ళ. ఆ బిళ్ళను తలకు ఆనించి మీట నొక్కితే టక్కుమంటుంది. ఇటు బిళ్ళలోంచి అయస్కాంత శక్తి పుర్రె దాటి మెదడును తడుతుంది, అటు బొటనవేలు దానంతటదే ఉలిక్కిపడుతుంది. నొప్పీ గిప్పీ ఏమీ ఉండదు. చిన్న స్ట్రోకు వచ్చి, పది నిమిషాలో అరగంటో చెయ్యి పడిపోయి, మాట పోయి, అంతలోనే ఏమీ జరగనట్టు లేచి కూర్చునేవాళ్ళుంటారు కదా. వాళ్ళ మెదడు నిజంగానే మామూలైందా, లోపల్లోపల ఏమైనా దాచుకుందా అన్నది ఆ గది డాక్టరుగారి పరిశోధన. బొటనవేలు ఉలికిపాటుకు ఎంత బలం కావలసొచ్చిందో కొలిచి రాసుకుంటారు. పోల్చి చూసుకోవడానికి, అదే వయసులో ఉండి, అలాంటిదేదీ రానివాళ్ళు కూడా కొందరు కావాలి.

పెద్దాయన ఆ రానివాళ్ళలో ఒకడు. ఎనిమిది నెలల కిందట, ఆ గదిలో పనిచేసే టెక్నీషియను కోటు కోసం కిందికి దిగి వచ్చింది. అందరూ ఆమెను టోపీ అమ్మాయి అంటారు. ముప్ఫై దాటి నాలుగేళ్ళయినా అమ్మాయే. బల్ల ముందు నించున్న ఈయన్ని ఎగాదిగా చూసి, "బాబాయ్, మీకెప్పుడైనా చెయ్యి పడిపోవడం, మాట పడిపోవడం జరిగిందా?" అని అడిగింది.

"లేదమ్మా."

"తలలో ఇనప ముక్కలు, తీగలు అలాంటివేమైనా పెట్టారా?"

"తలలో ఏమీ లేదమ్మా. మా ఆవిడ ఎప్పుడూ అదే అనేది."

టోపీ అమ్మాయి అంత పెద్దగా నవ్వుతుందని ఆయన ఊహించలేదు. తన మాటకు ఒక మనిషి నవ్వి ఎన్నేళ్ళయిందో లెక్క వేసుకోబోయి, మానుకున్నాడు.

మొదటిసారి ఆ గదిలోకి వెళ్ళినప్పుడు బల్ల మీద రెండు అట్టపెట్టెలు కనిపించాయి. వచ్చేవాళ్ళందరికీ తలకో గుడ్డ టోపీ. బొటనవేలు పలికే చోటు పుర్రె మీద ఎక్కడుందో వెతికి, టోపీ మీద ఊదారంగు పెన్సిలుతో గుర్తు పెడుతుంది ఆ అమ్మాయి. మళ్ళీ వచ్చినప్పుడు అదే టోపీ, అదే చోటు. టోపీల మీద పేర్లు రాయకూడదట, నంబర్లే. ఒక పెట్టె మీద 'వచ్చిపోయినవారు' అని రాసి ఉంది, రెండోదాని మీద 'బాగున్నవారు' అని.

"ఇదేంటమ్మా, పోయినవాళ్ళ టోపీలు కూడా దాస్తారా?" అన్నాడాయన, కొంచెం వెనక్కి జరుగుతూ.

"అయ్యో బాబాయ్! మనుషులు పోవడం కాదు. స్ట్రోకు వచ్చి, పోయినవారు అని."

"అలా విడదీసి రాయొద్దూ?"

"ఇన్నాళ్ళూ ఎవరూ తప్పు పట్టలేదు. మీరే మొదలు." మళ్ళీ నవ్వింది. ఈయన టోపీ మీద 'బాగున్నవారు, 7' అని చీటీ కుట్టింది.

చెప్పొద్దూ, ఆ చీటీ చూసి పెద్దాయన పొంగిపోయాడు. అరవై ఒక్క ఏళ్ళ జీవితంలో ఆయన్ని ఏ జాబితాలోనూ ఏ మంచిమాట పక్కనా ఎవరూ రాయలేదు. బళ్ళో అత్తెసరు మార్కులు. ఉద్యోగంలో దినకూలీ నుంచి నెల జీతం దాకా రావడానికి పదేళ్ళు. ఇప్పుడు ఇంత పెద్ద ఆస్పత్రిలో, ఒక పెద్ద డాక్టరు, ఇదిగో ఈయన బాగున్నాడు, బాగుండటమంటే ఏంటో ఈయన్ని చూసి కొలవండి అన్నట్టే కదా! ఆ వారమంతా కిందగదిలో కాలు నేల మీద ఆనలేదు. "ఎలా ఉన్నావన్నయ్యా?" అని మడతలావిడ అడిగితే, "బాగున్నాను, ఏడో నంబరు" అనేవాడు.

కానీ ఆయన నెలనెలా గడ్డం గీసుకుని వెళ్ళేది చీటీ కోసం కాదు.

టోపీ పెట్టే ముందు ఆ అమ్మాయి టేపు తీసి ముక్కు మొదలు నుంచి మెడ వెనక దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తల కొలుస్తుంది. తడి దూదితో నడినెత్తి తుడుస్తుంది. అప్పుడు అరచెయ్యి నెత్తి మీద ఆనించి, "కదలకండి బాబాయ్" అంటుంది. ఆ చెయ్యి అక్కడ ఉండేది మహా అయితే నాలుగు క్షణాలు.

ఆయన భార్యకు కూడా చేతులు ఎప్పుడూ తడిగానే ఉండేవి. పని నుంచి ఆయన ఇంటికి రాగానే, గిన్నెలు తోముతున్నది తోముతున్నట్టే లేచి వచ్చి, తడి అరచెయ్యి నడినెత్తి మీద పెట్టేది. "అమ్మో, ఇది తలా, పెనమా? చల్లారేదాకా అన్నం లేదు పో" అనేది. పదకొండేళ్ళయింది ఆవిడ పోయి. పిల్లల్లేరు. ఒక గది, ఒక పొయ్యి, దండెం మీద రెండు చొక్కాలు. ఈ పదకొండేళ్ళలో ఆయన తల వేడిగా ఉందో చల్లగా ఉందో తెలిసిన మనిషి లేదు. క్షౌరశాలలో ముట్టుకుంటారు గానీ, వాళ్ళు ముట్టుకునేది జుట్టును, తలను కాదు. నెలకు నాలుగు క్షణాల కోసం మనిషి ఇరవై తొమ్మిది రోజులు ఎదురుచూస్తాడా అంటే, చూస్తాడు. అంతకన్నా తక్కువ కోసం కూడా చూస్తాడు.

ముందురోజు సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేస్తుంది. "బాబాయ్, రేపు పదకొండింటికి. మర్చిపోతారేమోనని." ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నా, మూడుసార్లు మోగాకే ఎత్తుతాడు. ఎదురుచూస్తున్నట్టు తెలిస్తే బాగుండదు కదా.

ఇక పోయిన మంగళవారం సంగతి. మధ్యాహ్నం భోజనం అయ్యాక గలీబు మీద పెట్టె నడుపుతున్నాడు. నడుస్తున్న చెయ్యి ఆగిపోయింది. ఆపింది తను కాదు. చూస్తూనే ఉన్నాడు. తన చెయ్యే, తన పెట్టే, కింద గుడ్డ కమురు వాసన. తియ్యాలని తెలుసు, తియ్యడం రాలేదు. మడతలావిడ పరుగున వచ్చి పెట్టె లాగేసి, "అన్నయ్యా! ఏమైంది?" అంది. నీళ్ళు అనబోయాడు. "తలుపు" అన్నాడు. మళ్ళీ అనబోయాడు. మళ్ళీ "తలుపు" అనే వచ్చింది. ఆవిడ పిచ్చిదానిలా వెళ్ళి తలుపు తీసింది, వేసింది, మళ్ళీ తీసింది. గోడ గడియారంలో పది నిమిషాలు తిరిగాయి. అప్పుడు వేళ్ళు కదిలాయి, "నీళ్ళు" అన్నాడు. తాగాడు. లేచి తర్వాతి గలీబు తీసుకున్నాడు. కాలిన గలీబును మడతలావిడ చిరుగుల మూటలో అడుగున దాచింది.

ఎనిమిది నెలలుగా నాలుగో అంతస్తు మెట్లెక్కుతున్న మనిషికి ఆ వచ్చిపోయింది ఏమిటో తెలియదా? తెలుసు. తెలిసే దాచాడు. చెబితే, బాగున్నవారిలో ఏడో నంబరు కొట్టేస్తారు. టోపీ పారేస్తారు. ఇక ముందురోజు ఫోనుండదు, పదకొండింటి పిలుపుండదు. అంతే ఆయన భయం. మడతలావిడ నిలదీస్తే, ఆ నాలుగు క్షణాల సంగతి ఆవిడొక్కదానికే చెప్పాడు.

పదిన్నరకు పెట్టె ఆర్పి, చేతులు కడుక్కుని, మెట్లెక్కాడు. రెండో అంతస్తులో ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"రండి రండి. బాగున్నారా?" అంది టోపీ అమ్మాయి, కాగితం మీంచి తలెత్తకుండానే.

"బాగున్నాను."

ఈ ఒక్క మాటా మనకు ఆలోచించకుండా వచ్చేస్తుంది. కాలు విరిగి మంచంలో ఉన్నవాణ్ణి పలకరించండి, బాగున్నానంటాడు. అడిగేవాళ్ళు సగం వినరు, చెప్పేవాళ్ళు సగం చెప్పరు. టోపీ అమ్మాయి మాత్రం కాగితంలో ఉన్న ప్రశ్నలన్నీ ఒక్కొక్కటే అడిగింది. "పోయినసారి వచ్చాక చెయ్యిగానీ కాలుగానీ తిమ్మిరెక్కడం, పట్టు తప్పడం?"

"లేదు."

"మాట తడబడటం? ఒకటి అనబోయి ఇంకోటి అనడం?"

తలుపు, అనుకున్నాడు పెద్దాయన. "లేదమ్మా" అన్నాడు.

టేపు పెట్టి కొలిచింది. తడి దూదితో తుడిచింది. అరచెయ్యి నెత్తి మీద ఆనించి, "అబ్బ, ఎంత వేడిగా ఉందో మీ తల. కదలకండి బాబాయ్" అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఎప్పుడూ అనలేదు ఆ మాట. ఇంకొక్క క్షణం ఆ చెయ్యి అలాగే ఉంటే చెప్పేసేవాడేమో. చెయ్యి తీసి టోపీ తొడిగింది.

టక్. కుడి బొటనవేలు పలకలేదు. టక్. పలకలేదు. టోపీ అమ్మాయి బిళ్ళను ఎత్తి, ఊదారంగు గుర్తు మీద సరిగ్గా ఆనించి మళ్ళీ నొక్కింది. పెద్దాయన తన వేలికేసి చూశాడు. కదులు, కదలవే, అని మనసులోనే బతిమాలుకున్నాడు. ఎప్పుడూ తెర మీద నలభై ఆరు దగ్గర పలికే వేలు, నలభై తొమ్మిదికి పలకలేదు, యాభై ఒకటికి పలకలేదు. యాభై నాలుగు దగ్గర, బలవంతాన నిద్ర లేపినట్టు, కొంచెం కదిలింది.

"ఇదేంటి?" అంది ఆ అమ్మాయి తనలో తాను. పాత కాగితాలు తిప్పి చూసింది. "బాబాయ్, నిజంగా ఏమీ జరగలేదు కదా?"

"నిద్ర చాల్లేదేమోనమ్మా." ఎటో చూస్తూ అడిగాడు. "మధ్యలో ఎవరికైనా ఏదైనా వస్తే, వాళ్ళని తీసేస్తారా?"

"ఎందులోంచి?"

"బాగున్నవాళ్ళలోంచి."

"తీసేయాల్సిందే కదా. బాగోనివాళ్ళని కలుపుకుని బాగున్నవాళ్ళంటే లెక్కంతా తప్పదూ? మీకెందుకు అవన్నీ, మీరు రాయిలా ఉంటేను!" అంతలోనే గొంతు తగ్గించి, "డాక్టరుగారు నాలుగింటికి వస్తారు. మిషను తేడానో, నా చెయ్యి తేడానో, ఒకసారి చూపిద్దాం. నాలుగింటికి పైకి రండి. తప్పకుండా రావాలి" అంది.

"వస్తాలే. నీ కోటు కూడా తెస్తాను."

వెళ్ళేముందు అలవాటు ప్రకారం టోపీ తీసి, అంచుకు అంచు కలిపి నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో ఒత్తి, చీటీ పైకి కనబడేలా పెట్టెలో పెట్టాడు.

మధ్యాహ్నం అన్నం సగంలో వదిలేసి బల్ల ముందుకొచ్చాడు. గలీబులన్నీ అయ్యాక కోట్లు. అన్నిటికన్నా చివర టోపీ అమ్మాయి కోటు తీశాడు. జేబు మీద ఊదారంగు పెన్సిలు మరకలు ఉతికినా పోలేదు. కాలరు చేస్తూ భార్యను తలుచుకున్నాడు. ఆవిడ ఆఖరి ఏడాది అంతా కడుపు పట్టుకుని తిరిగింది. "ఏంటే, ఒంట్లో బాగోలేదా?" అంటే, "నాకేం, బాగానే ఉన్నాను" అనేది. బాగానే ఉన్నాను, బాగానే ఉన్నాను అంటూనే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే వేళకు అంతా అయిపోయింది. ఎందుకు చెప్పలేదే అని అడిగితే, "చెప్తే నీకు వండిపెట్టేదెవరు? మంచంలో పడుకోబెడతావుగా" అంది. ఆ మాట మీద ఆయనకు పదకొండేళ్ళుగా కోపం. ఒక్కోరోజు ఖాళీ గదిలో, గట్టిగానే తిట్టేవాడు. ఓసి పిచ్చిదానా, ఒక్క మాట, ఒక్క మాట చెప్పుంటే నువ్వుండేదానివి కదే!

పెట్టె చేతిలో ఆగింది. ఈసారి ఆపింది ఆయనే.

"నేనూ అదే పని చేస్తున్నాను కదా" అన్నాడు పైకి.

కోటును హ్యాంగరుకు తగిలించి, చేతులు కిందికి లాగి, ఎదురుగా నిలబెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "అమ్మాయ్, నిన్నో మాట అడగాలి. కాదు, చెప్పాలి. పోయిన మంగళవారం నాకొకటి వచ్చిపోయింది." బాగోలేదనిపించింది. మళ్ళీ మొదలుపెట్టాడు. "పొద్దున నీతో అబద్ధం చెప్పానమ్మా. నేను బాగోలేను." ఇది నయం. "నన్ను తీసేస్తే తీసేయి గానీ, అప్పుడప్పుడూ కోటు కోసమైనా కిందికి వస్తూండు."

"కోటుకి చెప్పింది చాల్లే. మనిషికి చెప్పు" అంది మడతలావిడ గుమ్మంలోంచి. అంటూనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"చెప్తాను. నాలుగింటికి చెప్తాను."

"ఇప్పుడే వెళ్ళరాదూ?"

"డాక్టరు వచ్చేదే నాలుగింటికి. ఇంకా ఇరవై నిమిషాలుంది. నువ్వెళ్ళి ట్రాలీ తీసుకురా."

పెట్టె ఆర్పాడు. తీగ చుట్టి గోడకు తగిలించాడు. నీళ్ళగిన్నె వంపేశాడు. చొక్కా ముందువైపు నలిగింది, అరచేత్తో రెండుసార్లు సర్దుకున్నాడు. ఉతికిన దుప్పట్ల మూట మీద, గోడకు ఆనుకుని, కోటు కేసి చూస్తూ కాసేపు కూర్చున్నాడు.

ట్రాలీ తోసుకుంటూ వచ్చిన మడతలావిడ, "పద, పద, టైమైంది" అంది. ఇంకోసారి అంది. మూడోసారి అనలేదు. ట్రాలీ వదిలేసి పరుగెత్తింది.

ముప్ఫై రెండేళ్ళుగా ఆస్పత్రిలోనే ఉన్న మనిషిని ఆస్పత్రికి చేర్చడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పెద్దది వచ్చిందన్నారు. ఇది వచ్చి పోయే రకం కాదన్నారు. పొద్దు ఉండగానే ఆయన పోయాడు.

మర్నాడు పదింటికి మడతలావిడ నాలుగో అంతస్తుకు వెళ్ళింది. ఒక చేతిలో తెల్లకోటు, ఇంకో చేతిలో గుడ్డ ముక్క.

"నీ కోటమ్మా. నిన్న నాలుగింటికి తనే తెస్తానన్నాడు."

టోపీ అమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. మడతలావిడ గుడ్డను బల్ల మీద పరిచింది. తెల్ల గలీబు మధ్యలో, గోధుమరంగులో, ఇస్త్రీ పెట్టె అచ్చు.

"పోయిన మంగళవారంది ఇది. పది నిమిషాలు చెయ్యీ రాలేదు, మాటా రాలేదు. చెప్పు చెప్పు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. చెప్తే నీ దగ్గరికి రానివ్వరనుకున్నాడు. నీ చెయ్యి ఆయన తల మీద..." ఆవిడ తన నెత్తి మీద చెయ్యి పెట్టి చూపించింది. "నిన్న చెప్పేద్దామనే అనుకున్నాడమ్మా. నీ కోటుకి రెండుసార్లు చెప్పాడు కూడా."

ఆ అమ్మాయి కాలిన అచ్చు మీద వేలు పెట్టి, అంచు వెంట చివరిదాకా నడిపింది.

"రానివ్వకపోవడమేంటండీ?" అంది. "చెప్పుంటే వెంటనే మందులు మొదలెట్టేవాళ్ళు. తర్వాత, పెట్టె మారేది. అంతే. ఆ పెట్టెవాళ్ళకి కూడా టోపీ పెట్టేది నేనే కదా. వాళ్ళయితే నెలకి రెండుసార్లు వస్తారు."

మడతలావిడ ఆ గలీబు తీసుకుని, అంచును గడ్డం కింద అదిమిపట్టి, నాలుగు మడతలు వేసింది.

ఆవిడ వెళ్ళాక టోపీ అమ్మాయి బాగున్నవారి పెట్టె తెరిచి ఏడో నంబరు తీసింది. రెండో పెట్టె మూత ఎత్తింది. మూత మీద తను కలిపి రాసిన మాటను చూసింది. మూత దించేసింది. అంతలో తలుపు మీద ఎవరో తట్టారు. పదకొండింటికి రావలసినావిడ అరగంట ముందే వచ్చేసింది. "రండి, బాగున్నారా?" అనబోయి ఆగి, "ఎలా ఉన్నారో చెప్పండి, నిదానంగా చెప్పండి, నేను వింటాను" అంటూ కుర్చీ జరిపింది.

బల్ల మీద, రెండు పెట్టెల మధ్య ఖాళీలో, ఆ తెల్లటోపీ ఉండిపోయింది, అంచుకు అంచు కలిసి, నాలుగు మడతల్లో, ఎక్కడా ఒక్క ముడత లేకుండా.